ఇంటి చదువుకు ఆన్‌లైన్ ప్రోగ్రాం: కొనేముందు ఏ పాఠం తెరిచి చూడాలి?

చిన్నపిల్లలను ఇంట్లోనే చదివించడం గురించి ఈమధ్య వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే సందేహం చుట్టూ తిరుగుతున్నందువల్ల ఈ నెల శీర్షికను పూర్తిగా దానికే కేటాయించాము. మొదటి ఉత్తరానికి ఇచ్చిన సమాధానం పొడవైనదే. తక్కినవాటికి అదే ఆధారం కనుక పాఠకులు కాస్త ఓపిక పట్టాలని మనవి.

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు. పాపకు ఏడేళ్లు, బాబుకు అయిదేళ్లు. ఉద్యోగరీత్యా తరచూ మకాం మార్చవలసి వస్తున్నందున కనీసం రెండు మూడేళ్లపాటు ఇంట్లోనే చదివించాలని నిశ్చయించుకున్నాం. మతబోధ కలవని ఆన్‌లైన్ ప్రోగ్రాం కావాలి. వెతికితే ఒకటి 'సెక్యులర్' అంటుంది, ఒకటి 'న్యూట్రల్' అంటుంది, ఇంకొకటి 'విలువలతో కూడిన విద్య' అంటుంది, మరికొన్ని ఏమీ అనవు. పోయిన ఏడాది ఒక ప్రోగ్రాంకు ఏడాది చందా ఒకేసారి కట్టాం. రెండో నెలలో పాప సైన్సు పాఠంలో భూమిని ఆరు రోజుల్లో సృష్టించారన్న వాక్యం చూసి మానేశాం. డబ్బు తిరిగి రాలేదు. ఈసారి ఎలా ఎంచుకోవాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: మీకు జరిగినట్టే చాలామందికి జరుగుతోంది. ఈ ప్రోగ్రాములు ఎక్కడ పుట్టాయో, ఎవరిని దృష్టిలో పెట్టుకుని తయారయ్యాయో కొంత తెలిస్తే ఈసారి వెతుకులాట సులువవుతుంది.

ఇంగ్లీషులో దొరికే ఇంటి చదువు సామగ్రిలో అధికభాగం అమెరికాలో తయారైనదే. పాఠాలను పోస్టులో ఇంటికి పంపే పద్ధతి అక్కడ చాలా పాతది. బాల్టిమోర్ నగరంలోని కాల్వర్ట్ స్కూలు 1906లోనే ఆ పని మొదలుపెట్టింది. 1977లో జాన్ హోల్ట్ అనే విద్యావేత్త ఇంటి చదువు కోసమే ఒక పత్రికను ప్రారంభించినప్పుడు ఆయన తగాదా బడి పద్ధతితోనే తప్ప అందులో మతం ఊసు లేదు. అయితే 1980ల్లో క్రైస్తవ కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఈ దారి పట్టాయి, 1993 నాటికి అక్కడి యాభై రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టసమ్మతమైంది, ఆ కుటుంబాల అవసరానికి తగినట్టు పుస్తకాలు, వీడియోలు, ఆ తరవాత ఆన్‌లైన్ పాఠాలు పుట్టుకొచ్చాయి. అబెకా, బాబ్ జోన్స్ యూనివర్సిటీ ప్రెస్ వంటి ప్రచురణ సంస్థలు తమ పాఠాలు క్రైస్తవ దృక్పథంతో రాసినవని బాహాటంగానే చెప్పుకుంటాయి. వాటితో ఎవరికీ పేచీ లేదు. కావలసినవారు కొనుక్కుంటారు, అక్కర్లేనివారు పక్కకు తప్పుకుంటారు. పేచీ అంతా మధ్యరకంతోనే. దేవుడి మాట ఎత్తదు, కానీ దేవుణ్ణి నమ్మే కొనుగోలుదారుకు ఇబ్బంది కలిగించే మాట కూడా ఎత్తదు.

'న్యూట్రల్' అన్న మాటను నేను అలాగే అర్థం చేసుకుంటాను: ఎవరినీ నొప్పించదలచుకోని ప్రోగ్రాం. అలాంటి సైన్సు పాఠం డైనోసార్ల పళ్ల గురించి, తోకల గురించి, బరువు గురించి సరదాగా చెబుతుంది. అవి ఎప్పుడు అంతరించాయో చెప్పవలసిన చోట మాత్రం గబుక్కున పేజీ తిప్పేస్తుంది. అందులో తప్పు వాక్యం ఒక్కటీ దొరకదు. దొరకనిదల్లా 'సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట' అన్న మాటే. నిజంగా సెక్యులర్ అయిన ప్రోగ్రాం ఆ మాట చెప్పాలి. భూమి వయసు సుమారు 454 కోట్ల సంవత్సరాలని, జీవులు తరతరాలుగా మారుతూ వచ్చాయని, మనిషి కూడా ఆ వరసలోని వాడేనని, ఏ తరగతిలో చెప్పవలసి వస్తే ఆ తరగతిలో నీళ్లు నమలకుండా చెప్పాలి. ఉండకూడనిది కనిపిస్తే కంట్లో పడుతుంది, మీ పాప పాఠంలో పడినట్టుగా. ఉండవలసినది లేకపోతే అది లేదని ఎవరూ వచ్చి చెప్పరు.

న్యూట్రల్ రకాలన్నిటినీ కొట్టిపారేయమని నా ఉద్దేశం కాదు. ఉదాహరణకు బుక్‌షార్క్ అనే ప్రోగ్రాం సాన్‌లైట్ అనే క్రైస్తవ సంస్థ నుంచి పుట్టినది. మతవిషయంలో తాము తటస్థమని వారే చెప్పుకుంటారు. కథలు, చదివి వినిపించే పుస్తకాలు ప్రధానంగా నడిచే చదువు కావాలనుకునేవారు అలాంటిది తీసుకుని, సైన్సు మటుకు వేరే చోటి నుంచి తెచ్చుకోవచ్చు. ఏది తీసుకుంటున్నామో తెలిసి తీసుకుంటే చాలు.

ఇక పరీక్షించే పద్ధతికి వస్తాను. తల్లిదండ్రులు సాధారణంగా తమ పిల్లల తరగతి పాఠాలు రెండు తెరిచి చూసి, బాగున్నాయనుకుని చందా కట్టేస్తారు. దానివల్ల తేలేది ఏమీ లేదు. అయిదేళ్ల పిల్లల సైన్సు అంటే వాన, ఎండ, ఆకు, విత్తనం. ఏ నమ్మకం ఉన్నవారు రాసినా విత్తనం ఒకే తీరున మొలకెత్తుతుంది. అమెరికాలో 2013లో వెలువడిన సైన్సు ప్రమాణాల ప్రకారం, శిలాజాలను బట్టి ఒకప్పటి జీవుల గురించి, అవి బతికిన పరిసరాల గురించి తెలుసుకోవడం మూడో తరగతిలో వస్తుంది. రాతి పొరలను బట్టి నేల స్వరూపం కాలక్రమంలో ఎలా మారిందో గ్రహించడం నాలుగో తరగతిలో వస్తుంది. కనుక మీ బాబు ఇంకా అక్షరాల దగ్గరే ఉన్నా మీరు తెరవవలసినది మూడు, నాలుగు తరగతుల సైన్సు. ఏడాది తిరిగేసరికి మీ పాప కూర్చోబోయే పాఠం అదే. అసలు ఆ తరగతుల్లో శిలాజాల పాఠమే లేదంటే మీకు జవాబు దొరికినట్టే.

పాఠం ఉంటే వాక్యాల తీరు చూడండి. 'కొందరు శాస్త్రవేత్తలు అలా నమ్ముతారు' అన్న వాక్యం విడిగా చూస్తే వినయంగానే కనిపిస్తుంది. అదే ప్రోగ్రాంలో నీరు మంచుగా గడ్డకడుతుందని చెప్పేటప్పుడు 'కొందరు నమ్ముతారు' అని రాయలేదు కదా! అనుమానం ఒక్క భూమి వయసు దగ్గరే, ఒక్క జీవపరిణామం దగ్గరే పుట్టుకొస్తే అది శాస్త్రజ్ఞుల జాగ్రత్త కాదు. అయితే 'చాలా చాలా కాలం కిందట' అన్న మాట కనపడగానే ఉలిక్కిపడనక్కర్లేదు. అయిదేళ్ల పిల్లవాడికి కోటి అన్నా వెయ్యి అన్నా ఒకటే. ఎనిమిదేళ్ల పిల్లల పాఠంలోనూ అదే మాట ఉంటే అప్పుడు ఆలోచించాలి.

సైన్సు తరవాత చరిత్ర చూడండి. పాత కాలాన్ని వరసగా చూపే కాలరేఖ ఏ సంఘటనతో మొదలవుతోంది? ఒక మతగ్రంథంలోని సృష్టినో, జలప్రళయాన్నో ఫలానా సంవత్సరంలో జరిగిన సంఘటనగా గుర్తిస్తే ఆ ప్రోగ్రాం ఏమిటో తెలిసిపోయింది. చివరగా, ఎవరూ చూడని చోట చూడండి: చేతిరాత కోసం ఇచ్చిన వాక్యాలు, చదవడం నేర్పే చిట్టి కథలు, వ్యాకరణంలోని ఉదాహరణలు. మిగతా అంతా సాదాగా ఉండి, పిల్లలు రోజూ పదిసార్లు తిరగరాసే వాక్యాలు మాత్రం మతగ్రంథంలోనివి కావచ్చు. లెక్కల విషయంలో ఇంత పరిశోధన అవసరం లేదు.

ప్రకటనల్లో 'విలువలు', 'శీలనిర్మాణం', 'లోకదృష్టి' అన్న మాటలు దండిగా ఉంటే, ఆ సంస్థ తన గురించి తాను చెప్పుకున్న పేజీని కడదాకా చదవండి. మతసంస్థలు చాలావరకు తమ విశ్వాస ప్రకటనను అక్కడే ఉంచుతాయి. అక్కడ కూడా తేలకపోతే ఒక ఈమెయిల్ రాయండి. 'మీది సెక్యులరా?' అని అడగకండి, అవునంటారు. 'మీ మూడో తరగతి సైన్సులో భూమి వయసు ఎంతని చెబుతున్నారు? ఆ పాఠం చూపించగలరా?' అని అడగండి. సంఖ్య రాసి పాఠం పంపేవారు ఒక రకం. 'ప్రతి కుటుంబం తన నమ్మకాన్ని బట్టి వివరించుకునే వీలు కల్పించాం' అని రాసేవారు మరొక రకం. రెండో జవాబు మర్యాదగా ఉంటుంది కానీ అందులో సంఖ్య ఉండదు.

మతం సంగతి తేలాక అసలు ఎంపిక మొదలవుతుంది. అన్ని సబ్జెక్టులూ ఒకే చోట దొరికే ప్రోగ్రాం తీసుకోవాలా, సబ్జెక్టుకు ఒకటి చొప్పున ఏరుకోవాలా? మొదటి రకంలో బాగా తెలిసిన పేరు టైమ్‌ఫర్‌లెర్నింగ్. 2004లో మొదలైంది, బడికి ముందు దశ నుంచి పన్నెండో తరగతి వరకు పాఠాలు ఉన్నాయి, మతబోధ లేదు, జవాబులు దానంతటదే దిద్ది నివేదిక ఇస్తుంది, చందా నెలనెలా కట్టుకోవచ్చు. మకాం మారేటప్పుడు పెట్టెలు మోయనక్కర్లేదు కనుక మీలాంటివారికి అదొక వెసులుబాటు. దానిలోని ఇబ్బంది కూడా ఆ సదుపాయంలోనే ఉంది: అన్నీ తెరమీదే జరుగుతాయి, పిల్ల పాఠం పూర్తిచేసినట్టు గుర్తు పడుతుంది, మనం పక్కన కూర్చోవలసిన పని లేదన్న భ్రమ కలుగుతుంది. రెండో రకంలో, రెండు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం ఖాన్ అకాడమీ కిడ్స్ ఉంది. లాభాపేక్ష లేని సంస్థది, పూర్తిగా ఉచితం, ప్రకటనలు ఉండవు. సైన్సుకు మిస్టరీ సైన్స్ ఉంది. ఒక ప్రశ్నతో మొదలై చేత్తో చేసే పనితో ముగిసే పాఠాలు, అయిదో తరగతి వరకు. లెక్కలకు బీస్ట్ అకాడమీ ఉంది. బొమ్మల కథల రూపంలో, చిక్కుప్రశ్నల పద్ధతిలో నడుస్తుంది. లెక్క రాకపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నించే పిల్లలకు అది పండగ, తొందరగా నొచ్చుకునే పిల్లలకు కన్నీళ్లు.

నా సలహా అడిగితే, బాబు కోసం డబ్బు పెట్టి ఏమీ కొనకండి. అయిదేళ్ల వయసులో ఉచితంగా దొరికేది రోజుకు కాసేపు, మీరు చదివి వినిపించే కథలు, ఒక పెన్సిలు, లెక్కపెట్టడానికి గుప్పెడు గుండీలు చాలు. పాపకు లెక్కలు, చదవడం, సైన్సు వేరువేరుగా తీసుకోండి; ఒకటి నచ్చకపోతే అది ఒక్కటే మార్చుకోవచ్చు. చందా నెలకే కట్టండి. ఏడాది చందాలో తగ్గింపు ఆకర్షణగానే ఉంటుంది కానీ ఈ వయసు పిల్లలు మూడు నెలల్లో రెండు మెట్లు ఎక్కేస్తారు, లేదంటే మొదటి మెట్టు మీదే అలిగి కూర్చుంటారు. ఉచితంగా చూసే గడువును పిల్లలు హుషారుగా ఉన్న ఉదయం కాకుండా ఒక మామూలు, విసుగ్గా ఉన్న మధ్యాహ్నం వాడి చూడండి. సంవత్సరంలో ఎక్కువ రోజులు అలాగే ఉంటాయి. పిల్లల పేరు, పుట్టినరోజు, ఫొటో అడిగే ప్రోగ్రాం వాటిని దేనికి అడుగుతోందో చదివి మరీ ఇవ్వండి. పదమూడేళ్లలోపు పిల్లల వివరాలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఆన్‌లైన్‌లో సేకరించరాదన్న చట్టం అమెరికాలో 2000 సంవత్సరం నుంచి అమల్లో ఉంది, కాబట్టి అక్కడి ప్రోగ్రాములు మీ అనుమతి అడగాలి.

ప్రశ్న: మా మనవరాలికి సెక్యులర్ ప్రోగ్రాంతో ఇంట్లో చదువు చెప్పిస్తామని మా కోడలు అంటోంది. మేము పూజాపునస్కారాలు ఉన్నవాళ్లం. దేవుడి పేరే లేని చదువు చెప్పిస్తే పిల్ల నాస్తికురాలు అవుతుందేమోనని నా భయం. నా మాట కోడలికి ఛాందసంగా అనిపిస్తోంది. మీరైనా చెప్పండి.
— ఒక నాయనమ్మ

జవాబు: అమ్మా, మీ భయం ఛాందసం కాదు, ఆ మాటకు ఉన్న అర్థమే చాలామందికి స్పష్టంగా తెలియదు. సెక్యులర్ ప్రోగ్రాం దేవుడు లేడని బోధించదు. దేవుడు ఉన్నాడా లేడా అన్నది లెక్కల పుస్తకం, సైన్సు పుస్తకం తేల్చవలసిన విషయం కాదని పక్కకు తప్పుకుంటుంది, అంతే. దేవుడు లేడని పనిగట్టుకుని చెప్పే పాఠం ఎక్కడైనా కనిపిస్తే అది కూడా సెక్యులర్ కాదని మీ కోడలికి మీరే చెప్పవచ్చు.

మంచి లౌకిక ప్రోగ్రాంలో మతాల ప్రస్తావన లేకుండా ఉండదు కూడా. మతాలు లేకుండా చరిత్ర చెప్పడం ఎవరి తరం? బౌద్ధం ఎలా వ్యాపించిందో, గుడులు, చర్చీలు, మసీదులు ఎవరు ఎందుకు కట్టారో, ఏ పండుగ వెనుక ఏ కథ ఉందో అందులో వస్తాయి. తేడా అంతా వాక్యం ముగిసే తీరులో ఉంటుంది. 'ఈ మతంవారు ఇలా నమ్ముతారు' అన్నది చదువు. 'ఇలా నమ్మాలి' అన్నది బోధ. ఇక్కడ మీ కోడలు గమనించవలసిన సంగతి కూడా ఒకటి ఉంది: కొన్ని ప్రోగ్రాములు ఒక మతం కథలను చరిత్ర అని, తక్కిన అన్ని మతాల కథలను పుక్కిటి పురాణాలని పేరుపెట్టి చెబుతాయి. మీ ఇంటి దేవుళ్లను ఆ రెండో గదిలో కూర్చోబెట్టే పాఠం కంటే, అందరి కథలకూ ఒకే కొలమానం వాడే లౌకిక పాఠమే మీ భక్తికి ఎక్కువ మర్యాద ఇస్తుంది.

మనవరాలికి మీరు చెప్పదలచుకున్న కథలు ఏ ప్రోగ్రాం ఆపుతుంది? రాత్రి పడుకోబెట్టేటప్పుడు చెప్పండి. 'నాయనమ్మా, డైనోసార్లు ముందా, రాముడు ముందా?' అని అడిగినప్పుడు మాత్రం తల్లితో కలిసి జవాబు చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయికి ఆరేళ్లు. ఆరు నెలలుగా ఒక ఆన్‌లైన్ రీడింగ్ ప్రోగ్రాం వాడుతున్నాడు. రోజూ నక్షత్రాలు, బహుమతులు తెచ్చుకుంటున్నాడు, రెండో తరగతి స్థాయికి చేరాడని నివేదిక వచ్చింది. కానీ చేతికి పుస్తకం ఇస్తే రెండు మాటలు కూడా చదవలేకపోతున్నాడు. ప్రోగ్రాం మార్చాలా? ఇంతకీ రోజుకు ఎంతసేపు తెరముందు కూర్చోబెట్టవచ్చు?
— ఒక తండ్రి

జవాబు: ప్రోగ్రాం మార్చేముందు ఒక సాయంత్రం అతని పక్కన కూర్చుని, మాట్లాడకుండా, అతని వేలు మాత్రం చూడండి. తెరమీద కుక్క బొమ్మ, కింద మూడు మాటలు. పిల్లవాడు మొదటి అక్షరం చూసి ఒకటి నొక్కుతాడు, తప్పు మోత వస్తుంది. రెండోది నొక్కుతాడు, మళ్లీ తప్పు. ఇక మిగిలింది ఒకటే. నక్షత్రం వచ్చింది. ఆ మూడు మాటల్లో ఒక్కటి కూడా అతను చదవలేదు, అయినా పాఠం పూర్తయింది. పిల్లవాడు మోసం చేయడం లేదు. యంత్రం తనను ఏమి అడుగుతోందో అతను సరిగ్గానే కనిపెట్టాడు. నొక్కమంది, నొక్కాడు.

ఇప్పుడు చిన్న కాగితం ముక్కల మీద బొమ్మలు లేకుండా మాటలు రాయండి. క్యాట్, క్యాప్, క్యాన్ అని చివరి అక్షరం మాత్రమే మారే ఇంగ్లీషు మాటలు నాలుగైదు. వాటి మధ్యలో అర్థం లేని మాట ఒకటి, మిబ్ అనో, ట్యాఫ్ అనో. అర్థం ఉన్న మాటను గుర్తుపెట్టుకుని చెప్పవచ్చు. అర్థం లేనిదాన్ని అక్షరాల ధ్వనులు కూడబలుక్కుని చదవవలసిందే. మిబ్ అనగలిగితే అతనికి చదవడం వచ్చింది, అలవాటే కావాలి. అనలేకపోతే మొదటి మెట్టుకు వెళ్లాలి, నివేదిక ఏ స్థాయి చూపినా సరే.

అమెరికాలో పఠనబోధన మీద జరిగిన పరిశోధనలను సమీక్షించిన జాతీయ మండలి 2000 సంవత్సరంలో ఇచ్చిన నివేదిక అయిదు అంశాలను ముఖ్యమైనవిగా ఎంచింది: మాటలోని ధ్వనులను విడదీసి వినగలగడం, ఏ అక్షరానికి ఏ ధ్వనో క్రమపద్ధతిలో నేర్చుకోవడం, తడబడకుండా చదవడం, పదసంపద, చదివినది అర్థం కావడం. ఈ అయిదింటిలో రెండోదాన్ని యంత్రం బాగానే నేర్పగలదు, మూడోదాన్ని మాత్రం పిల్లవాడు పైకి చదువుతుండగా ఎవరో వినాలి. ప్రోగ్రాం ఎంచుకునేటప్పుడు 'ఇందులో మా వాడు నోరు విప్పే సందర్భం ఎన్నిసార్లు వస్తుంది?' అని చూసుకోండి. అలాంటి సందర్భమే లేకపోయినా ప్రోగ్రాం పనికిరాకుండా పోదు. పావుగంట తెరమీది పాఠం, తరవాత పావుగంట అదే పాఠంలోని మాటలు కాగితం మీద, మీకు వినపడేలా. ఈ రెండో పావుగంటను పని ఒత్తిడిలో ఎగ్గొట్టడం వల్లనే ఆరు నెలలు నక్షత్రాల్లో గడిచిపోతాయి.

లెక్కల సంగతీ అంతే. ఎనిమిదికి అయిదు కలపడం తెరమీద వేలితో లాగితే జవాబు వస్తుంది. బల్లమీద ఎనిమిది గుండీలు ఒకవైపు, అయిదు మరోవైపు పెట్టి, అయిదులోంచి రెండు ఇటు జరిపితే ఇటు పది అయ్యాయి, అటు మూడు మిగిలాయి. పదమూడు అన్న మాటలో పది ఎక్కడుందో పిల్లవాడు తన చేత్తో చూశాడు. వస్తువు, తరవాత బొమ్మ, ఆ తరవాతే అంకె అన్న ఈ వరస సింగపూర్ లెక్కల పుస్తకాల వల్ల లోకమంతా తెలిసింది. ఆన్‌లైన్ ప్రోగ్రాములు చాలావరకు నేరుగా బొమ్మతో మొదలుపెడతాయి. ఆ మొదటి మెట్టు మీ ఇంట్లోనే ఉండాలి.

ఎంతసేపు అన్నదానికి: మూడు, నాలుగేళ్ల పిల్లలు కదలకుండా తెరముందు గడిపే సమయం రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఆరేళ్ల పిల్లవాడికి అంత కచ్చితమైన గీత లేదు కానీ, నేనైతే పాఠాల కోసం మొత్తం ముప్పావుగంట మించనివ్వను, అదీ ఒకే బిగిన కాదు. ఈ వయసు పిల్లలకు రోజుకు నాలుగైదు గంటల పాఠాలు ఇచ్చి, అదే తమ ఘనతగా చెప్పుకునే ప్రోగ్రాం కనపడితే దాటిపోండి.

ప్రశ్న: గుర్తింపు పొందిన ప్రోగ్రాం కాకపోతే పిల్లలను తరవాత బడిలో చేర్చుకోరని ఒకరు అంటున్నారు. సెక్యులర్ ప్రోగ్రాములలో గుర్తింపు ఉన్నవి తక్కువగా కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?
— ఇద్దరు పిల్లల తల్లి

జవాబు: గుర్తింపు ఇచ్చేది బడికి, పాఠ్యసామగ్రికి కాదు. టైమ్‌ఫర్‌లెర్నింగ్ వంటివి తాము బడి కాదని, పాఠాలు మాత్రమే ఇస్తామని చెబుతాయి, కనుక వాటికి గుర్తింపు ఉందా అన్న ప్రశ్నే రాదు. ఉపాధ్యాయులను పెట్టి, మార్కులు వేసి, సర్టిఫికెట్ ఇచ్చే ఆన్‌లైన్ బడులకే అది వర్తిస్తుంది. గుర్తింపు ఉన్నంతమాత్రాన అది సెక్యులర్ అనీ అనుకోకండి, మతసంస్థలు నడిపే బడులకూ గుర్తింపు ఉంటుంది. మార్కులు, సర్టిఫికెట్లు లెక్కలోకి వచ్చేది ఉన్నత పాఠశాల స్థాయిలో. రెండో తరగతి పిల్లను చేర్చుకునే బడి సాధారణంగా వయసు చూస్తుంది, ఒక చిన్న పరీక్ష పెట్టి చూస్తుంది.

మీరు నిజంగా విచారించవలసినది మీరు ఉండే చోటి చట్టం. జర్మనీలో పిల్లలు బడికి వెళ్లి తీరాలి, ఇంటి చదువుకు దాదాపు చోటే లేదు. ఇంగ్లండ్‌లో 1996 నాటి విద్యాచట్టం బడిలోగాని, మరో విధంగాగాని తగిన చదువు చెప్పించే బాధ్యతను తల్లిదండ్రుల మీద పెట్టింది. అమెరికాలోనే టెక్సస్‌లో ముందుగా ఎవరికీ తెలియజేయనక్కర్లేదు. న్యూయార్క్‌లో ఏటా ప్రణాళిక సమర్పించి, ఏడాదికి నాలుగుసార్లు నివేదిక ఇవ్వాలి. భారతదేశంలో జాతీయ సార్వత్రిక విద్యాపీఠం (ఎన్‌ఐఓఎస్) మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానమైన పరీక్షలు నిర్వహిస్తుంది. ఇంట్లో చదివిన పిల్లలు తిరిగి బడి దారి పట్టడానికి చాలామంది దాన్ని ఎంచుకుంటారు. ఎక్కడున్నా, నెలకు ఒకసారి పిల్లల పనిలోంచి మూడు నాలుగు కాగితాలు తేదీ వేసి దాచండి. ప్రోగ్రాం ఇచ్చే నివేదికలు కూడా దించుకుని పెట్టుకోండి; చందా ఆపిన తరవాత అవి అందుబాటులో ఉంటాయన్న భరోసా లేదు.

ప్రశ్న: ప్రోగ్రాములన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. మేం ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అయిదేళ్ల పిల్లకు రెండు భాషలు ఒకేసారి నేర్పితే గందరగోళం అవుతుందంటున్నారు. సైన్సు ఏ భాషలో చెప్పాలి?
— ఒక పాఠకుడు

జవాబు: రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు లోకమంతటా ఉన్నారు; మాటలు కలగలిపి మాట్లాడటం గందరగోళం కాదు, ఆ వయసులో సహజం. సైన్సును మీకు ఏ భాషలో ప్రశ్నలడగడం బాగా వస్తే ఆ భాషలో చెప్పండి. పాఠం వీడియో ఇంగ్లీషులో ఉన్నా, అది అయ్యాక 'ఇప్పుడు నాకు చెప్పు' అని తెలుగులో అడగండి. అర్థమైనదీ కానిదీ అక్కడే తెలిసిపోతుంది. పిల్ల శిలాజం అనలేక ఫాసిల్ అంటే అననివ్వండి. ఎముక రాయిగా ఎలా మారిందో తన మాటల్లో చెప్పగలిగితే ఆ పాఠం ఆమెకు వచ్చింది.

తెలుగు చదవడం మాత్రం ఈ ప్రోగ్రాముల్లో దొరకదు, దానికి వేరే వేళ పెట్టుకోవాలి. ఇంగ్లీషు అక్షరాల ధ్వనులతో కుస్తీ పడుతున్న నెలల్లోనే గుణింతాలు కూడా మొదలుపెట్టకండి. ఒకదానిలో చేయి తిరిగాక రెండోది అందుకుంటే తేలిక. ఏది ముందన్నది మీ ఇష్టం. అన్నట్టు, పైన చెప్పిన కాగితం ముక్కల పరీక్ష తెలుగులోనూ పనికొస్తుంది: 'పలక' పక్కన 'లకప' అని రాసి చూడండి.